థ పొట్టలో చుక్క

మరిది తెచ్చిన మానిటరు గుమ్మంలో పట్టలేదు. పెట్టెను అడ్డంగా తిప్పి చూశారు, ఏటవాలుగా వంచి చూశారు. చివరికి వాకిట్లోనే అట్టపెట్టె చింపేసి, లోపలి సరుకును మాత్రం పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద లోపలికి మోసుకొచ్చారు. ముప్ఫై రెండు అంగుళాలు. పైగా వంకర.

“వంకర కాదు వదినా, కర్వ్‌డ్ అంటారు,” అన్నాడు మరిది చెమట తుడుచుకుంటూ.

“పేరు మారిస్తే వంపు పోతుందా?” అంది ప్రూఫమ్మ.

ప్రూఫమ్మ అన్నది ప్రెస్సువాళ్లు పెట్టిన పేరు. అదే వీధిలోకీ పాకింది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆవిడ పని, అచ్చుకు పోయే పుస్తకాల్లో తప్పులు ఏరడం. సీసపు అక్షరాల కాలంలో మొదలుపెట్టింది. అక్షరాలు పోయి ఫిల్ములొచ్చాయి, ఫిల్ములు పోయి కంప్యూటర్లొచ్చాయి, ఆవిడ మాత్రం కుర్చీ వదల్లేదు. మందు సీసా చుట్టూ చుట్టిన కాగితాన్ని కూడా ఎర్ర పెన్ను పట్టుకుని చదివే మనిషి.

అలాంటి మనిషి చేతిలోంచి ఒక తప్పు జారిపోయింది. జారితే జారింది, చిన్నాచితకా తప్పు కూడా కాదు.

ఆవిడ పనిచేసే ప్రచురణ సంస్థ నాలుగేళ్లుగా ఒక పెద్ద నిఘంటువు తయారు చేస్తోంది. దాని పేరు ‘పదాలు – అర్థాలు’. మొదటి సంపుటం అచ్చయింది. సభ పెట్టారు. పెద్దలు పొగుడుతున్నారు, వచ్చినవాళ్లు పేజీలు తిప్పుతున్నారు. ఇంతలో వెనక వరసలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. లోపల ప్రతి పేజీ నెత్తినా చిన్న అక్షరాల్లో పుస్తకం పేరు వేస్తారు కదా, అక్కడ ‘అర్థాలు’ బదులు ‘అర్ధాలు’ పడింది. కింద వేలాడే థ ఒత్తు పొట్టలో ఉండాల్సిన చుక్క లేదు. ఆ చుక్క ఉంటే మాటకు భావం, లేకపోతే ఉత్త సగం. ఆరువందల పన్నెండు పేజీల్లో పేజీపేజీకీ ‘పదాలు – సగాలు’ అని చాటుకుంటూ ఒక నిఘంటువు బజారుకెక్కింది.

ఆ రోజు నుంచీ మేనేజరుది ఒకటే పాట. రచయితల దగ్గరా అదే, కాగితం వ్యాపారి దగ్గరా అదే, మెట్ల మీద ఎదురైనవాళ్ల దగ్గరా అదే. “మా ప్రూఫమ్మకి కళ్లు పోయాయండీ.” అందరికీ చెప్పడం అయ్యాక ఆవిడకు ఫోన్ చేశాడు. గొంతులో తేనె పోసుకున్నాడు.

“చాలా కష్టపడ్డారమ్మా. ఇక విశ్రాంతి తీసుకోకూడదూ? రెండో సంపుటం మన కొత్తమ్మాయికి ఇద్దామనుకుంటున్నా. చిన్న వయసు, చురుకైన కళ్లు.”

“తప్పు నాదే. కాదనను,” అంది ప్రూఫమ్మ. “కానీ నా కళ్లది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను. ఈ అద్దాలతో చార్టులో ఆఖరి వరస దాకా గడగడా చదివాను. ఆ చుక్క ఉందో లేదో నా తెరే చూపించదు.”

“ఫైల్లో ఉన్నదో లేనిదో తెర మీద తెలియకుండా ఎలా ఉంటుందమ్మా?”

“ఎలా ఉంటుందో నేను కనుక్కుంటాను. వచ్చే శుక్రవారం దాకా ఆగండి. రెండో సంపుటంలో నలభై పేజీలు నాకూ పంపండి, ఆ అమ్మాయికీ పంపండి. తప్పులు మీరే కావాలని పెట్టండి. ఎవరు ఎక్కువ పట్టుకుంటే పుస్తకం వాళ్లది. ఓడితే నేను ఎర్ర పెన్నుకు మూత పెట్టేస్తాను.”

మేనేజరుకు ఈ పందెం నచ్చింది. గెలుపు ఎటో ఆయనకు ముందే తెలుసుననుకున్నాడు. ఫోను పెట్టేశాక గానీ తానేమందో ప్రూఫమ్మకు తెలిసిరాలేదు. ఈ పని పోతే పొద్దున్నే లేచి ఏం చేయాలో ఆవిడకు తెలియదు. భయమేసింది. అయితే ఆ భయం కన్నా ముందే ఒళ్లు మండింది, ఆ మంట ఇంకా తగ్గలేదు.

ఇంట్లో ఉన్న తెర ఇరవై రెండు అంగుళాలది. కాగితం దండగని ప్రూఫులన్నీ పీడీఎఫ్‌లుగా పంపడం మొదలెట్టిన రోజుల్లో, ఆఫీసువాళ్లు పారేయబోతూ ఆగి, “ఇంట్లోనే కూర్చుని హాయిగా చూసుకోండి” అని ఆవిడకు అంటగట్టినది. హాయి సంగతి దేవుడెరుగు, దాని మూలలు పచ్చబడి రెండేళ్లయింది. కొత్తది కొనాలని ఆవిడ భర్తతో అన్న మాట ఎలా పాకిందో పాకింది, తెల్లారేసరికి మరిది చెవిన పడింది. చుట్టాలందరికీ ఫోన్లూ ఫ్యాన్లూ ఫ్రిజ్జులూ ఎంచిపెట్టే పెద్దమనిషి ఆయన. ఎవరూ అడగరు, ఆయనా ఆగడు. కొట్టువాడు తెలిసినవాడట, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటాడట. అలా వచ్చి పడింది ఆ వంకర తెర.

తగిలించి మీట నొక్కగానే గది గదంతా నీలంగా వెలిగిపోయింది. అక్షరాలు గుమ్మడికాయలంతయ్యాయి.

“చూశావా వదినా! ఇక కళ్లజోడు కూడా అక్కర్లేదు నీకు.”

ప్రూఫమ్మ బల్ల ముందు కూర్చుంది. నిఘంటువు పేజీ ఒకటి తెరిచి, మొత్తం పేజీ కనబడేట్టు సర్దింది. దాని నెత్తిన చిన్న అక్షరాల్లో రెండు మాటలు పక్కపక్కన కొట్టింది. ఒకటి అర్ధం, ఒకటి అర్థం. ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వెళ్లింది. వెనక్కి జరిగి చూసింది. రెండు ఒత్తుల పొట్టల్లోనూ బూడిదరంగు మసకే ఉంది.

“ఇందులో చుక్క ఉన్నదేదో చెప్పు చూద్దాం.”

మరిది వంగాడు, కళ్లు చికిలించాడు. “ఎడమది. స్పష్టంగా కనబడుతోందిగా!”

“ఎడమది సగం. కుడిదానికి చుక్క ఉంది.”

“అయితే జూమ్ చేసుకో. ఎవరొద్దన్నారు?”

“చేస్తే నాలుగు మాటలు కనబడతాయి. మూడు నిలువు వరసల పేజీలో నాలుగేసి మాటలు చూసుకుంటూ పోతే ఏ వరసలో ఉన్నానో నాకే తెలియదు. పేజీ నెత్తిన ఏముందో అసలు చూడను. మొన్న నా కొంప ముంచింది ఆ జూమే.”

“ముప్ఫై రెండు అంగుళాలు వదినా! వీధి మొత్తం మీద ఇంత పెద్దది లేదు.”

“పెద్దదే. దీంట్లో చుక్కలెన్ని? పిక్సెళ్లంటారే, అవి.”

మరిదికి ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ వేయలేదు. చింపేసిన అట్ట మళ్లీ తెచ్చి చదివాడు. అడ్డంగా పంతొమ్మిది వందల ఇరవై, నిలువుగా వెయ్యీ ఎనభై. ప్రూఫమ్మ పాత తెర వెనక అంటించిన చీటీ చూపించింది. అక్కడా అవే అంకెలు.

“ఒక డబ్బా రంగు చిన్న గోడకు వేస్తే నిండుగా ఉంటుంది. అదే డబ్బా పెద్ద గోడకు వేస్తే?”

“పలచబడుతుంది,” అన్నాడు మూల కుర్చీలోంచి భర్త. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. రోజంతా ఆయనకు చక్రాలతోనే సరిపోతుంది, మనుషులతో మాటలు తక్కువ.

మరిది మొహం ముడుచుకున్నాడు. “నా మాట ఎవరు వింటారులే. అయినా ఈ వయసులో ఇంత మొండితనం దేనికి వదినా? కొత్తపిల్ల చేస్తానంటోంది కదా, చేయనీ. నువ్వు హాయిగా కూర్చోరాదూ?”

“వాడనేది కూడా కాస్త ఆలోచించు,” అన్నాడు భర్త మెల్లగా. “నీ కళ్లకి మాత్రం విశ్రాంతి వద్దూ?”

మరిది అంటే ఆవిడకు నవ్వొచ్చేది. మొగుడు అనేసరికి మాత్రం గుండెల్లో గుచ్చుకుంది.

“మీరు నాకన్నా అయిదేళ్లు పెద్ద,” అంది. “రేపు ఎవరి గడియారమో ఒక నిమిషం తప్పు నడిచిందనుకోండి, మీకు చూపు పోయిందని ఊరంతా చాటించి కొట్టుకు తాళం వేయిస్తాను. ఊరుకుంటారా?”

ఆయన లేచి చింపేసిన అట్టముక్కలు ఏరసాగాడు. మరిది మాత్రం తన తెరను తానే చంకనెత్తుకుని, “మ్యాచులు చూసుకోవడానికి బాగుంటుంది” అని తనకు తానే నచ్చజెప్పుకుంటూ వెళ్లాడు.

మర్నాడు పొద్దున భర్త కొట్టు తెరవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. “పద, మానిటర్ల షాపుకి వెళ్దాం,” అన్నాడు. అంతకుమించి క్షమాపణ ఆయనకు చేతకాదు. ఆవిడ అంతటితో సరిపెట్టుకోలేదు గానీ, చెప్పులు మాత్రం వేసుకుంది.

షాపులో గోడ పొడుగునా ఇరవై తెరలున్నాయి. ఇరవైలోనూ ఒకే చేప ఈదుతోంది. మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకున్న సేల్స్‌మన్ చేతులు కట్టుకుని వచ్చాడు.

“రంగులు చూడండి ఆంటీ! చేప పొలుసులు కూడా లెక్కపెట్టొచ్చు.”

“చేప బాగుందయ్యా. దాన్ని నేను దిద్దక్కర్లేదు. నా పేజీ పెట్టు,” అంటూ సంచీలోంచి పెన్‌డ్రైవ్ తీసింది.

“బయటి పెన్‌డ్రైవులు పెట్టనివ్వం ఆంటీ. వైరస్‌లొస్తాయి. రూల్.”

“చెప్పులు కొనడానికొస్తే నా కాలు పెట్టి చూడనిస్తారా, మీ కాలు పెట్టి బాగుందని చూపిస్తారా?”

పక్కన ఫోను కవర్లు ఏరుకుంటున్న ఆడపిల్లలిద్దరు ఫక్కున నవ్వారు. సేల్స్‌మన్ నవ్వలేదు. ప్రూఫమ్మ అక్కడే ఉన్న స్టూలు లాక్కుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, సరిగ్గా దారికి అడ్డంగా కూర్చుంది. పేజీ పెట్టిందాకా లేవనంది. అరిచి చెప్పలేదు, ఇంట్లో కుర్చీలో కూర్చుని చెప్పినట్టే చెప్పింది. పావుగంట గడిచింది. వచ్చేపోయేవాళ్లు ఆవిడ చుట్టూ తిరిగి వెళ్లడం మొదలెట్టాక, గల్లాపెట్టె దగ్గర్నుంచి యజమాని కేకేశాడు. “పెట్టవయ్యా బాబూ, ఆవిడకేం కావాలో అది పెట్టు!”

చేప పోయింది. నిఘంటువు పేజీ వచ్చింది. ఇక ప్రూఫమ్మ లేచింది.

మొదటి తెర ఆటలాడేవాళ్లదట. సెకనుకు నూటనలభై సార్లు మారుతుందట. “నా అక్షరాలు పరుగెత్తవయ్యా, ఉన్నచోట ఉంటాయి,” అని దాటేసింది. రెండోది గాజులా మెరుస్తోంది. అందులో పేజీ కన్నా ఆవిడ మొహమే బాగా కనబడింది. “దీన్ని దిద్దడం నా వల్ల కాదు,” అంది, అది కూడా పోయింది. మూడోది అక్షరాల అంచుల్లో ఎరుపూ నీలమూ చిమ్మింది. నాలుగోదీ అయిదోదీ మరిది తెచ్చిన దానికి అప్పచెల్లెళ్లు. ప్రతిదాని ముందూ ఆవిడ అడిగింది ఒకటే మాట, చుక్కలెన్ని అని. సేల్స్‌మన్ మొదట అంగుళాలు చెప్పాడు, తర్వాత చెప్పడం మానేశాడు, ఆ తర్వాత తనే ముందు వెళ్లి వెనక చీటీలు చదవసాగాడు.

“చుక్కలే కావాలంటే ఒకటుంది మేడం,” అన్నాడు చివరికి. ‘ఆంటీ’ అనే పిలుపు ఎక్కడ జారిపోయిందో అతనికే తెలియలేదు. “ఎవరూ అడగరు. చూడ్డానికి బాగుండదు, లైట్లుండవు.”

స్తంభం వెనక ఉంది అది. ఇరవై ఏడు అంగుళాలు, నల్లగా, దిగులుగా. కానీ చుక్కలు ఒకవైపు నాలుగు వేలకు కాస్త తక్కువ, రెండోవైపు రెండు వేలకు పైన. ప్రూఫమ్మ పేజీ పెట్టించింది. తర్వాత ఆ తెర భుజం పట్టుకుని మెల్లగా తిప్పింది. అది కిర్రుమనకుండా తిరిగి నిలువుగా నిలబడింది.

“అలా ఎవరూ పెట్టుకోరు మేడం.”

“పుస్తకం పేజీ పడుకుని ఉంటుందా, నిలబడి ఉంటుందా?”

పేజీ తల నుంచి పాదం దాకా నిలబడింది. మూడు వరసలూ, పక్క ఖాళీలూ, అడుగున పేజీ అంకె, నెత్తిన పేరు అన్నీ ఒక్కసారే కనబడ్డాయి. ఆవిడ కళ్లజోడు సర్దుకుని పైకి చూసింది. ఎడమ మాట పొట్ట ఖాళీ. కుడి మాట పొట్టలో చుక్క. కాగితం మీద ప్రూఫులు చూసిన రోజుల తర్వాత ఇన్నేళ్లకు మళ్లీ ఆ చుక్కను చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషమూ ఉంది గానీ, ఎక్కువ భాగం కోపమే. ఇన్నాళ్లూ ఒక మసకబారిన గాజు ముక్క ముందు కూర్చోబెట్టి, ఇప్పుడు తనను గుడ్డిదన్నారు.

భర్త అలవాటుగా చొక్కా జేబులో పెట్టుకునే భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. తెరకు దగ్గరగా వంగి, గడియారంలో చక్రం చూసినంత శ్రద్ధగా చూశాడు.

“ఉంది,” అన్నాడు. “గుండ్రంగా ఉంది. అంచు కూడా చెదరలేదు.” నడుం ఎత్తాక ఆవిడ వైపు చూడలేకపోయాడు. “నేను కూడా నీ కళ్లనే అనుమానించాను.”

“అవును, గుర్తుంది నాకు,” అంది ప్రూఫమ్మ. “వెళ్లి బిల్లు వేయించండి.”

ఇంట్లో బల్ల జరపాల్సి వచ్చింది. కిటికీ వెలుగు తెర మీద పడకుండా పక్కకు తిప్పింది. తెర స్టాండు కాస్త పొట్టిదయింది. మొదటి సంపుటం కాపీలు రెండు దాని కింద పెట్టింది. పేరుకు సగాలైనా ఎత్తుకు పూర్తిగా పనికొచ్చాయి. మేనేజరు పంపిన నలభై పేజీలు తెరిచి, రోజూ పొద్దున కూర్చుని మధ్యాహ్నానికి లేచింది. తొందరపడలేదు. ఒక్కో పేజీని ముందు దూరం నుంచి మొత్తంగా చూసి, ఆ తర్వాత వరస వరసా చదివింది. గురువారం నాడు, మిగతావన్నీ అయ్యాక, పుస్తకం వివరాలుండే మొదటి పేజీ దగ్గరికి వచ్చి చాలాసేపు ఆగింది. అందులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. అయినా పేజీ మొత్తం ఎదురుగా నిలబడి ఉంటే, లేనిదేదో కూడా కనబడుతుంది. ఆ పేజీలోనూ ఎర్ర గుర్తు ఒకటి పెట్టింది.

శుక్రవారం పొద్దున మేనేజరు గదిలో ఇద్దరి దిద్దుబాట్లూ కాగితాల మీదికి తీయించి పక్కపక్కన పరిచారు. కొత్తమ్మాయి గోడవారన నిలబడి ఉంది. ప్రూఫమ్మ కుర్చీలో కూర్చుంది. మేనేజరు తాను పెట్టిన ముప్ఫై తప్పుల జాబితా చేతిలో పట్టుకుని ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోయాడు. సగానికి వచ్చేసరికి నుదురు ముడిపడింది. చివరికి వచ్చేసరికి పెన్ను కింద పెట్టాడు.

కొత్తమ్మాయి ఇరవై రెండు పట్టుకుంది. ప్రూఫమ్మ ముప్ఫైకి ముప్ఫై పట్టుకుని, మేనేజరు పెట్టనివి, ఆయనకు తెలియనివి మరో పదిహేడు పైన వేసింది.

“ఇదేమిటమ్మాయ్?” మేనేజరు కోపం అటు తిరిగింది. “ఇరవై నాలుగేళ్లు లేవు నీకు. పేజీ నెత్తిన మళ్లీ అదే తప్పు పెట్టాను, అది కూడా కనబడలేదా?”

“కనబడలేదు సార్,” అంది ఆ అమ్మాయి. తల మాత్రం దించలేదు. “నా తెర మీద చుక్క ఉన్నా లేకపోయినా ఒకేలా ఉంటుంది. కావాలంటే వచ్చి మీరే చూడండి.”

మేనేజరు వెళ్లి చూశాడు. కళ్లజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. తిరిగొచ్చి కూర్చున్నాక గొంతులోకి మళ్లీ తేనె వచ్చింది.

“సరేనమ్మా. అయిందేదో అయింది, ఇక ఆ సంగతి వదిలేద్దాం. రెండో సంపుటం మీరే చూడండి.”

“వదలడానికి నేను ఒప్పుకోను,” అంది ప్రూఫమ్మ. “ముందు ఈ అమ్మాయికి మంచి తెర కొనండి. ఇద్దరం చదువుతాం. రెండోది, మొదటి సంపుటంలో సవరణ చీటీ అతికించాలి. ప్రూఫులు దిద్దినవాళ్లదే తప్పని నా పేరుతో రాయండి. మూడోది ఈ పేజీ.”

వివరాల పేజీ తీసి ఆయన ముందు పెట్టింది. సంపాదకులు, అక్షరాల కూర్పు, ముఖచిత్రం, కాగితం, ముద్రణ, బైండింగు అన్నిటి ఎదురుగానూ పేర్లున్నాయి.

“ఇందులో తప్పేముంది?” అన్నాడు మేనేజరు.

“ఒక లైను పడిపోయింది.”

కూర్పుకూ ముఖచిత్రానికీ మధ్య ఎర్ర గుర్తు పెట్టి, పక్క ఖాళీలో రాసి ఉంది. ‘ప్రూఫులు’ అని, ఎదురుగా ఒక పేరు.

“ప్రూఫులు దిద్దినవాళ్ల పేర్లు వేసే అలవాటు మనకు లేదు కదమ్మా.”

“తప్పు చేసింది ఎవరో చెప్పే అలవాటు ఉంది. కాగితం వ్యాపారికి కూడా చెప్పారు. ఒప్పు చేసింది ఎవరో కూడా చెప్పండి.”

“పైవాళ్లతో మాట్లాడి, ఆలోచిద్దాం.”

“ఆలోచించండి. అచ్చుకు పంపవచ్చని ప్రతి పేజీ మీదా నా సంతకం పడందే ప్రెస్సులో యంత్రం తిరగదు. ఆ నియమం మీరు పెట్టిందే. నాకేం తొందర లేదు, కూర్చుంటాను.”

కూర్చుంది కూడా. కొత్తమ్మాయి ఇంకో కుర్చీ లాక్కుని ఆవిడ పక్కనే కూర్చుంది. మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. పేజీ దగ్గరికి లాక్కుని ఆ ఎర్ర లైను చదివాడు. మళ్లీ చదివాడు. ఆయన మేనేజరుగా వచ్చిన పదకొండేళ్లలో ఆ పేరు ఆయన ముందుకు ఎన్నో కాగితాల మీద వచ్చే ఉంటుంది, కానీ ఎప్పుడూ చదివి ఉండడు.

“ఇదా మీ పేరు?” అన్నాడు.

“పుట్టినప్పటి నుంచీ,” అంది ఆవిడ.

మేనేజరు పెన్ను తీసుకుని ఆ లైను పక్కన టిక్కు పెట్టాడు. ఆవిడ పేజీ తన వైపు తిప్పుకుని, తన పేరును అక్షరం అక్షరం చదువుకుంది. తప్పుల్లేవు. అప్పుడు సంతకం చేసింది.